పెట్రోలు తర్వాత మోటార్‌సైకిల్: ముందు మీ వేగం ఎంతో చెప్పండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. హనుమకొండలో ఉంటారు. ఆఫీసుకు రానూపోనూ రోజుకు ముప్పై కిలోమీటర్లు. ఎనిమిదేళ్ల నాటి 150 సీసీ బండి ఉంది. సెలవు దొరికితే స్నేహితులతో రామప్ప, లక్నవరం, ఒక్కోసారి బొగత జలపాతం దాకా పోతారు. ఇప్పుడు కొత్త బండి కొనాలి. పెట్రోలుది కొంటే నాలుగేళ్లకే ఎందుకూ పనికిరాకుండా పోతుందేమో, ఎలక్ట్రిక్‌ది కొంటే ఈ ప్రయాణాలు ఆగిపోతాయేమో అని సందేహం. చివర్లో ఇంకో మాట కూడా అడిగారు: అసలు మోటార్‌సైకిల్‌కు భవిష్యత్తు ఉందా అని.

నేను బండ్ల రిపేరు మధ్యనే పెరిగినవాణ్ని. కార్బురేటర్ల కాలం నుంచి ఈ పనిలో ఉన్నాను. ఇప్పుడు ఎలక్ట్రిక్ బండ్ల సర్వీసు నేర్చుకునే కుర్రాళ్లకు శిక్షణ ఇస్తున్నాను. రెండు రకాలూ నడుపుతాను, రెండూ ఇష్టమే. నా అభిప్రాయం ముందే చెప్తాను. స్కూటర్ పెట్రోలును వదిలేస్తోంది, అది మన కళ్లముందే జరుగుతోంది. ఊళ్లో తిరిగే 100 సీసీ బండి బ్యాటరీ ధర తగ్గే కొద్దీ దాని వెనకే పోతుంది. హైవే మీద తొంభై, వంద వేగంతో పోయే మోటార్‌సైకిల్ అన్నిటికంటే ఆఖర్న మారుతుంది. ఈ వరుసను తేల్చేది మీరు పోయే వేగం. దూరం గురించే అందరూ మాట్లాడతారు గానీ అది రెండో లెక్క.

ముందు నిషేధం భయం సంగతి. 2019లో నీతి ఆయోగ్ ఒక ప్రతిపాదన తెచ్చింది: 150 సీసీ లోపు ద్విచక్ర వాహనాలన్నీ 2025 మార్చి 31 నాటికి ఎలక్ట్రిక్ కావాలని. కంపెనీలు గట్టిగా వ్యతిరేకించాయి, అది అమలు కాలేదు. ఆ తేదీ వచ్చింది, పోయింది. 2024-25లో దేశంలో దాదాపు రెండు కోట్ల ద్విచక్ర వాహనాలు అమ్ముడైతే అందులో ఎలక్ట్రిక్‌వి 11 లక్షల చిల్లర. నూటికి ఆరు. ఆ ఆరులోనూ దాదాపు అన్నీ స్కూటర్లే, మోటార్‌సైకిళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. వేరే దేశాల్లో కొన్ని నగరాలు గట్టిగానే కదులుతున్నాయి. హనోయ్ నడిబొడ్డులోకి పెట్రోలు బైకులు రాకూడదని వియత్నాం ప్రభుత్వం 2025 జులైలో ఆదేశమిచ్చింది. చైనాలో చాలా నగరాలు ఎప్పుడో ఆ పని చేశాయి. మన దగ్గర కూడా రేపు పెద్ద నగరాల్లో అలాంటి ఆంక్షలు రావచ్చు. కానీ ఇవాళ హనుమకొండలో కొన్న పెట్రోలు బండి నాలుగేళ్లకు రోడ్డెక్కకుండా పోయే చట్టం ఏదీ లేదు. ఆ భయంతో మాత్రం తొందరపడకండి.

ఇక అసలు లెక్క. ఒక లీటరు పెట్రోలులో సుమారు 9 యూనిట్ల శక్తి ఉంటుంది, మన ఇంటి కరెంటు మీటర్లో తిరిగే యూనిట్లే. 12 లీటర్ల ట్యాంకు నింపితే 108 యూనిట్లు, బరువు తొమ్మిది కిలోలు. ఇంజిన్ అందులో పావు వంతే చక్రానికి చేరుస్తుంది, మిగతాది వేడిగా, పొగగా పోతుంది. అయినా 27 యూనిట్లు మిగిలాయి. అంత పని బ్యాటరీతో చేయించాలంటే, మోటారులో నష్టం తక్కువే కాబట్టి, ముప్పై యూనిట్ల ప్యాక్ చాలు. కానీ ఆ ప్యాక్ బరువు దాదాపు రెండు వందల కిలోలు. మీ 150 సీసీ బండి మొత్తం బరువు కంటే ఎక్కువ. ప్రపంచంలోనే మంచి ఇంజినీర్లు కూర్చుని చేసినా ఈ లెక్క పెద్దగా మారలేదు. మోటోఈ అనే ఎలక్ట్రిక్ బండ్ల రేసు పోటీల కోసం డుకాటీ కంపెనీ తన బండికి 18 యూనిట్ల బ్యాటరీ పెట్టింది. ఆ ప్యాక్ ఒక్కటే 110 కిలోలు, బండి మొత్తం 225. గంటకు 275 కిలోమీటర్ల వేగం అందుకుంది. కానీ ఆ రేసులు ఏడెనిమిది ల్యాపులతో సరిపెట్టాల్సి వచ్చింది. 2025 సీజన్ తర్వాత ఆ పోటీలనే ఆపేశారు.

కారుకు ఇంత ఇబ్బంది లేదు కదా అని అడుగుతారు. కారులో నాలుగైదు వందల కిలోల బ్యాటరీని కింద పరిచేస్తారు, ఎవరికీ కనపడదు. బండికి రెండు మోకాళ్ల మధ్య ఉన్న చోటే చోటు. ఇంకో సంగతి చాలామందికి ఆశ్చర్యంగా ఉంటుంది. నిటారుగా కూర్చున్న మనిషితో సహా ఒక మోటార్‌సైకిల్ చీల్చుకుపోయే గాలి, చిన్న కారు చీల్చుకుపోయే గాలికి మరీ తక్కువేమీ కాదు. కారు ఆకారం నునుపు. మనం భుజాలు, మోకాళ్లు, హెల్మెట్‌తో గాలికి అడ్డం కూర్చుంటాం. కాబట్టి హైవే వేగంలో బండి, కారు తాగే శక్తిలో సగానికి పైగానే తాగుతుంది, దానిలో ఉన్న బ్యాటరీ మాత్రం కారు బ్యాటరీలో నాలుగో వంతు.

గాలి నిరోధం వేగానికి వర్గంలో పెరుగుతుంది. నేను కుర్రాళ్లకు బోర్డు మీద వేసి చూపించే అంకెలు ఇవి. మామూలు బండి, ఒక్క మనిషి, చదును రోడ్డు. యాభైలో నిలకడగా పోతే కిలోమీటరుకు సుమారు 35 వాట్‌అవర్లు ఖర్చు (వెయ్యి వాట్‌అవర్లయితే ఒక యూనిట్). అరవైలో 43. ఎనభైలో 65. వందలో 95 దాకా. అంటే 4 యూనిట్ల బ్యాటరీ ఉన్న బండి యాభైలో 115 కిలోమీటర్లు పోతే, ఎనభైలో 60కే చేతులెత్తేస్తుంది, వందలో 42కే ఆగిపోతుంది. వెనకాల మనిషి కూర్చుంటే, ఎదురుగాలి ఉంటే ఇంకా తక్కువ. బండిలో లోపమేమీ లేదు, గాలి లెక్క అంతే.

మరి పెట్రోలు బండికి ఇలా ఎందుకు కాదు? అదీ గాలినే తోస్తోంది కదా? తెలుసుకోవాల్సింది ఇక్కడే ఉంది. మీ 150 సీసీ బండి యాభైలో లీటరుకు 55 ఇస్తే, వందలో 32, 35 ఇస్తుంది. ఖర్చు ఒకటిన్నర రెట్లకు కొంచెం పైన పెరిగింది, అంతే. ఎలక్ట్రిక్ బండిలో దాదాపు రెండుంముప్పావు రెట్లు పెరిగింది. కారణం ఏమిటంటే, చిన్న వేగంలో పెట్రోలు ఇంజిన్ చాలా దుబారా. సగం తెరిచిన థ్రాటిల్‌తో, తక్కువ బరువు లాగుతూ, పెట్రోలులో అయిదో వంతు కూడా పనికి మార్చలేదు. గట్టిగా లాగినప్పుడే దాని పనితనం బాగుపడుతుంది. ఆ పాత దుబారా వల్లే హైవే మీద మనకు తేడా పెద్దగా తెలియలేదు, ఇన్నేళ్లూ. మోటారుకు ఏ వేగంలోనైనా పనితనం దాదాపు ఒకటే. అందుకే ఊళ్లో పెట్రోలు బండి దానికి పోటీయే కాదు, హైవే మీద మాత్రం ఎలక్ట్రిక్‌ది తేలిపోతుంది.

కంపెనీలు చెప్పే రేంజ్ సంగతి కూడా ఇక్కడే అర్థమవుతుంది. మన దేశపు పరీక్షలో, అదే ఐడీసీ (ఇండియన్ డ్రైవింగ్ సైకిల్) అని రాస్తారు, గరిష్ఠ వేగం 42 కిలోమీటర్లు, సగటు 22 దగ్గర. ఆ వేగంలో ఎవరైనా హైవే మీద పోతారా? అల్ట్రావయొలెట్ ఎఫ్77 తీసుకోండి. మన దేశంలో తయారవుతున్న ఎలక్ట్రిక్ మోటార్‌సైకిళ్లలో నేను నిజంగా మెచ్చుకునే బండి. 10.3 యూనిట్ల బ్యాటరీ, ఐడీసీ రేంజ్ 323. పైన చెప్పిన లెక్కతో ఎనభైలో పోతే 150 చుట్టూ వస్తుంది, చివర కొంచెం మిగుల్చుకుంటే 130. హనుమకొండ నుంచి హైదరాబాద్ 145 కిలోమీటర్లు. అంటే బొటాబొటి. కాగితం మీది అంకె అబద్ధం కాదు, అది వేరే వేగానికి చెప్పిన అంకె. షోరూంలో రేంజ్ ఎంత అని అడగకండి. బ్యాటరీ ఎన్ని యూనిట్లు అని అడిగి, మీ వేగానికి మీరే భాగించుకోండి.

మీ రామప్ప, లక్నవరం దారికే వేసి చూద్దాం. రెండూ చూసుకుని తిరిగి వస్తే 160 కిలోమీటర్లు అనుకుందాం. ములుగు దాటాక రోడ్డు మీద అరవై మించి పోవాల్సిన పనీ లేదు, ఆ చెట్ల మధ్య పోవాలని కూడా అనిపించదు. కిలోమీటరుకు 43 చొప్పున 7 యూనిట్లు. 10 యూనిట్ల బండి హాయిగా పోయి వస్తుంది. 4 యూనిట్ల బండికి మధ్యలో చార్జింగ్ తప్పదు. మామూలు సాకెట్‌కు పెట్టే 750 వాట్ల చార్జరైతే, గంట సేపు భోజనం చేసేలోపు ముప్పావు యూనిట్ ఎక్కుతుంది, అంటే పదిహేడు కిలోమీటర్లు. అది సరిపోదు. బొగత అయితే రానూపోనూ 270 దాకా ఉంటుంది, 12 యూనిట్లు కావాలి. ఎఫ్77కి కూడా ఏటూరునాగారం వైపు ఎక్కడో ఒకచోట ప్లగ్గు దొరకాలి.

అందుకే బ్యాటరీ పెద్దదవడం కంటే, దారిలో గంటకు 3 యూనిట్లు ఎక్కించే చార్జర్ ఉండడం మోటార్‌సైకిల్‌కు ముఖ్యం అంటాను. దానికి అన్ని బండ్లకూ ఒకే కనెక్టర్ ఉండాలి. స్కూటర్ల కంపెనీ ఏథర్ తయారుచేసిన కనెక్టర్‌ను 2023లో భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ దేశ ప్రమాణంగా ఆమోదించింది, హీరో వాళ్ల విడా స్కూటర్ కూడా దాన్నే వాడుతోంది. అందరూ దాని కిందికి వస్తే మండల కేంద్రాల్లో టిఫిన్ సెంటర్ల ముందు కూడా చార్జర్లు పెట్టేవాళ్లు వస్తారు. ఒక్కో కంపెనీ ఒక్కో మూతి పెట్టుకుని కూర్చుంటే ఎవరూ పెట్టరు. బ్యాటరీ మార్చుకునే పద్ధతి తైవాన్‌లో 2015 నుంచి గొగోరో కంపెనీ నడిపి చూపించింది, హోండా కూడా యాక్టివా ఈ-తో మన పెద్ద నగరాల్లో మొదలుపెట్టింది. డెలివరీ కుర్రాళ్లకు అది వరం. మన అడవి దారులకు వచ్చేసరికి చాలా కాలం పడుతుంది.

ఘాట్ రోడ్ల గురించి ఒక చిన్న మాట, ఎప్పుడైనా అరకు పోతే పనికొస్తుంది. బండి, మనిషి కలిపి 200 కిలోలు తొమ్మిది వందల మీటర్ల ఎత్తుకు ఎక్కాలంటే అదనంగా అయ్యే ఖర్చు అర యూనిట్ మాత్రమే. అందరూ భయపడేంత కాదు. దిగేటప్పుడు మోటారే బ్రేకులా పనిచేసి అందులో కొంత వెనక్కి ఇస్తుంది. కానీ పైన నూటికి నూరు చార్జ్ చేసుకుని వెంటనే దిగడం మొదలుపెడితే బ్యాటరీలో చోటు ఉండదు, ఆ బ్రేకింగ్ సరిగా పట్టదు. మొదటి వంపులోనే తేడా తెలుస్తుంది. పైన తొంభై దగ్గర ఆపేయండి.

ఇక మీ మనసులో ఉన్న ప్రశ్న: శబ్దం లేదు, గేరు లేదు, క్లచ్ లేదు, అది మోటార్‌సైకిలేనా? ఆ శబ్దం నాకూ ప్రాణమే, పోతే బాధగానే ఉంటుంది. కానీ బండి నడపడంలో సారం మలుపులో ఒరగడం. హ్యాండిల్ కుడి కొసను నెమ్మదిగా ముందుకు తోస్తే బండి కుడికి వాలడం, రోడ్డు మీద ఇసుక ఎక్కడుందో ముందే కంటితో పట్టడం, ఒంటి బరువుతో బండితో మాట్లాడటం. ఇందులో ఒక్కటి కూడా పెట్రోలు మీద ఆధారపడలేదు. నిశ్శబ్దంలో టైరు పట్టు జారేటప్పటి చప్పుడు వినిపిస్తుంది, అది పెట్రోలు బండి మీద ఎప్పుడూ వినలేదు. గేరు లేకపోతే తోచనివాళ్ల కోసం అహ్మదాబాద్‌కు చెందిన మ్యాటర్ కంపెనీ నాలుగు గేర్ల ఎలక్ట్రిక్ బండి కూడా చేసింది. నాకైతే మోటారుకు గేర్లు అవసరం అనిపించదు, కానీ కోరుకునేవాళ్లు ఉన్నారు. జాగ్రత్త ఒక్కటి చెప్పాలి. మోటారు సున్నా నుంచే పూర్తి బలంతో లాగుతుంది. తడి రోడ్డు మీద, వడ్లు ఆరబోసిన రోడ్డు మీద చెయ్యి మెత్తగా ఉండాలి. బర్రెలకూ, నడిచేవాళ్లకూ మీరు వస్తున్నట్టు వినపడదు, ఊరు రాగానే హారన్ మీద వేలు ఉంచండి.

నాకు నిజంగా దిగులు కలిగించేది రిపేరు. ఇన్నాళ్లూ మన దేశంలో మోటార్‌సైకిల్ బతికింది రోడ్డు పక్క మెకానిక్ వల్ల. ఏటూరునాగారంలో క్లచ్ కేబుల్ తెగినా అరగంటలో వేసి పంపేవాడు ఉన్నాడు. ఎలక్ట్రిక్ బండిలో పాడయ్యేవి నిజానికి తక్కువ. ఆయిల్ లేదు, క్లచ్ ప్లేట్లు లేవు, వాల్వులు లేవు. బ్యాటరీ పోయిందని తోసుకొచ్చిన బండ్లలో చాలావాటికి సైడ్ స్టాండ్ సెన్సరో, బ్రేక్ లివర్ దగ్గర మోటారును ఆపే స్విచ్చో, వాన నీళ్లకు చిలుము పట్టిన కనెక్టరో కారణం. మల్టీమీటరు పట్టడం వచ్చిన కుర్రాడు పది నిమిషాల్లో పట్టేస్తాడు. కానీ పట్టుకున్నాక ఏం చేయాలి? చాలా బండ్లలో మోటారును నడిపించే కంట్రోలర్ లోపలికి పోవాలంటే కంపెనీ సాఫ్ట్‌వేర్ కావాలి, దాని పాస్‌వర్డు కావాలి. స్విచ్ మార్చినా ఎర్రర్ కోడ్ తుడవడానికి బండిని జిల్లా కేంద్రానికి లారీ ఎక్కించాల్సి వస్తోంది. ఇది ఇంజినీరింగ్ అవసరం కాదు, కంపెనీలు కావాలని చేసుకున్న ఏర్పాటు. నాకు దీని మీద చాలా కోపం ఉంది.

కంపెనీ మూతపడితే ఇంకా కష్టం. ఇటలీలో ఎనర్జికా మొదటి నాలుగేళ్లు మోటోఈకి బండ్లు ఇచ్చిన గొప్ప కంపెనీ, 2024 అక్టోబర్‌లో దివాలా తీసింది. అంత మంచి బండ్లు కొన్నవాళ్లు విడిభాగాల కోసం దిక్కులు చూడాల్సి వచ్చింది. మన దగ్గరా సబ్సిడీ ఉన్నప్పుడు పుట్టి, అది తగ్గగానే షట్టర్ దించేసిన పేర్లు ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబర్‌లో రిపేరు హక్కు పోర్టల్ పెట్టింది, అందులో వాహన రంగం కూడా ఉంది. అది అడ్రసుల పట్టికగా మిగిలిపోకూడదు. మెకానిక్‌కు వైరింగ్ బొమ్మ, ఎర్రర్ కోడ్ల అర్థం, విడి సెన్సర్లు ఇవ్వాలని చట్టం చెప్పాలి. విజయవాడ ఆటోనగర్, మన వరంగల్ షెడ్లలో ఉన్న చేతులకు కొత్త పని నేర్పితే వాళ్లు ఎవరికీ తీసిపోరు. నేర్చుకునే కుర్రాళ్లకు నేను మొదట చెప్పేది ఒకటే: ఉంగరాలు, కడియాలు తీసి పక్కన పెట్టండి. అరవై వోల్టులకు షాక్ కొట్టకపోవచ్చు, ఉంగరం షార్ట్ అయితే వేలు కాలిపోతుంది.

బ్యాటరీ భద్రత గురించి భయం ఉండటం సహజం. 2022 సెప్టెంబర్‌లో సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూం, పైన లాడ్జి ఉన్న భవనంలో మంటలు లేచి ఎనిమిది మంది చనిపోయారు. ఆ ఏడాది వరస ప్రమాదాల తర్వాతే బ్యాటరీ ప్రమాణం ఏఐఎస్-156ను కఠినం చేశారు, 2022 డిసెంబర్ నుంచి ఒక విడత, 2023 మార్చి ఆఖరి నుంచి ఇంకో విడత. కాబట్టి సెకండ్ హ్యాండ్‌లో అంతకు ముందు తయారైన ఎలక్ట్రిక్ బండి ఎంత చవకగా వచ్చినా వద్దు. కొత్తదాంట్లో ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకం బ్యాటరీ దొరికితే మన ఎండలకు మంచిది. బరువు కొంచెం ఎక్కువ, వేడికి ఓర్పూ ఎక్కువే. మే నెల మధ్యాహ్నం ఇంటికి రాగానే చార్జింగ్ పెట్టకండి, గంట చల్లారనివ్వండి.

సీఎన్‌జీ, హైడ్రోజన్ గురించి కూడా అడుగుతారు కాబట్టి ఒక్క మాట. బజాజ్ 2024 జులైలో ఫ్రీడమ్ 125 తెచ్చింది, సీఎన్‌జీతో నడిచే ప్రపంచంలోనే మొదటి మోటార్‌సైకిల్. రోజూ ఎక్కువ తిరిగేవాళ్లకు డబ్బు ఆదా అవుతుంది, బంకు దగ్గర ఉంటేనే. హోండా, యమహా, సుజుకీ, కవాసాకీ కలిసి హైడ్రోజన్ ఇంజిన్ మీద పరిశోధన చేస్తున్నాయి. అది మీ తర్వాతి బండి కాదు, దాని తర్వాతిదీ కాదు.

మీకు నా సలహా ఇదీ. పాత బండి అమ్మకండి. రోజూ ముప్పై కిలోమీటర్లకు 3 యూనిట్ల పైన ఉన్న ఎలక్ట్రిక్ స్కూటర్ కొనండి. ఏడాదికి 9,000 కిలోమీటర్లు వేసుకుంటే మీ 150 సీసీకి ఊళ్లో లీటరుకు 45 చొప్పున 200 లీటర్లు, 107 రూపాయల లెక్కన 21,400. స్కూటర్‌కు చార్జర్ నష్టం కలిపినా 360 యూనిట్లు, యూనిట్ 8 రూపాయలు వేసినా మూడు వేల లోపు. ఏడాదికి పద్దెనిమిది వేలకు పైగా మిగులుతుంది. తెలంగాణలో ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు 2026 డిసెంబర్ 31 దాకా పూర్తిగా మినహాయించారు, అది కూడా కలుపుకోండి. మీరు రోజుకు అయిదారు కిలోమీటర్లే తిరిగేవాళ్లయితే ఈ సలహా ఇచ్చేవాణ్ని కాదు, అప్పుడు మిగిలేది చాలా తక్కువ. కంపెనీ ఎంచుకునేటప్పుడు 8 ఏళ్ల బ్యాటరీ వారంటీ ఉందా, హనుమకొండలోనే సర్వీస్ సెంటర్ ఉందా చూడండి. బ్యాటరీ ధర బండి ధరలో మూడో వంతు, ఒక్కోసారి సగం, కాబట్టి వారంటీ కాగితంలో ప్రతి లైనూ చదవండి.

పాత 150 సీసీని సెలవుల ప్రయాణాలకు ఉంచుకోండి. ఎనిమిదేళ్ల నాటిదంటే పొగ మీద పాత ప్రమాణమైన బీఎస్4 కాలపు బండి, చాలావరకు కార్బురేటర్‌దే అయ్యుంటుంది. ఇప్పుడు బంకుల్లో వచ్చే ఇరవై శాతం ఇథనాల్ పెట్రోలుకు తయారైనది కాదు. ఇథనాల్ తేమను లాగుతుంది, పాత రబ్బరును తింటుంది. పెట్రోలు పైపు, కార్బురేటర్ వాషర్లు ఒకసారి కొత్తవి వేయించండి. వానాకాలంలో వారాల తరబడి కదపకుండా ఉంచొద్దు. వారానికి ఒకసారి పది కిలోమీటర్లు తిప్పండి, తప్పక ఆపాల్సి వస్తే కార్బురేటర్ బౌల్‌లోని పెట్రోలును పూర్తిగా బయటికి తీయించేయండి. మూడు నాలుగేళ్లు అది మిమ్మల్ని బొగతకు తీసుకెళ్తుంది. ఈలోపు మహబూబ్‌నగర్ దివిటిపల్లిలో అమరరాజా పెడుతున్న సెల్ ఫ్యాక్టరీ లాంటివి నిలదొక్కుకుంటాయి. రాయల్ ఎన్‌ఫీల్డ్ 2024లో మిలాన్‌లో చూపించిన ఫ్లయింగ్ ఫ్లీ లాంటి బండ్లు రోడ్ల మీద పాతబడి, వాటి మంచీ చెడూ బయటపడుతుంది. అప్పుడు 10 యూనిట్ల మోటార్‌సైకిల్ ధర మీకు అందుబాటులో ఉందో లేదో చూసి, దారిలో చార్జర్లు వచ్చాయో లేదో చూసి తేల్చుకోండి.

స్కూటర్ ఇంటికి రాకముందే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి పార్కింగ్ దగ్గర విడిగా ఒక 15 ఆంపియర్ల సాకెట్, దానికి సొంత ఎంసీబీ (లోడు ఎక్కువైతే కరెంటు ఆపేసే స్విచ్) వేయించండి. ఎర్తింగ్ సరిగా ఉందో లేదో మీటరు పెట్టి చూపించమనండి. పాత ఇళ్లలో మూడో పిన్నుకు వైరే ఉండదు, చార్జర్లు కాలిపోయిన ఇళ్లకు పోయి చూస్తే చాలాసార్లు కనపడేది అదే.